తాడు తడిసిన రోజు

గురువారం సాయంత్రం గాలం విసురు క్లబ్బు వాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోయాక థోర్న్‌బెక్ మైదానంలో లెనర్డ్ ఆల్డర్సన్ ఒక్కడే మిగిలాడు. చుట్టబోతున్న కొలతాడు పక్కన, ఊరికే సరదాకి, కొత్తగా తెప్పించిన స్టీల్ టేపు పరిచి చూశాడు. తాడు మీద నూట ఏడడుగుల ముడి ఉన్నచోట టేపు నూట ఒకటే చూపించింది. ఆరడుగులు ఎటుపోయాయో తెలియక గడ్డిలో అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

పాత తాడు, పోనిద్దూ అని వదిలేసే మనిషైతే కథ అక్కడితో ఆగేది. లెనర్డ్ వదిలేసే రకం కాదు. పైగా ఆ తాడుకి గుర్తులు పెట్టింది తనే. ముప్పై ఆరేళ్ల కిందట, వడ్రంగం నేర్చుకుంటున్న పందొమ్మిదేళ్ల వయసులో, చర్చి పక్కన బడి గదిలో ఆ జనపనార తాడును నేలమీద పరిచి, ఇనుప కొలబద్దతో అడుగడుగుకీ ఎర్రదారం ముడి వేశాడు. తన చేతి పనుల్లో ఊరంతా చూసిన మొదటి పని అది.

కొలతాడును వాడే ముందు వాగులో ఓ గంట నానబెట్టడం ఆ క్లబ్బులో ఆనవాయితీ. గడ్డి మీద మెలికలు పడకుండా బుద్ధిగా పడుకుంటుందని చెబుతారు. గురువారం కూడా నానబెట్టారు. లెనర్డ్ దాన్ని ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన ఆరేశాడు. శుక్రవారం పొద్దున్నే, పొడిగా ఆరిన తాడును పనిగదిలో పరిచి మళ్లీ కొలిచాడు. నూట ఏడంటే నూట ఏడే. వెంట్రుకవాసి తేడా లేదు.

తడిస్తే చెక్క ఉబ్బుతుంది. బతుకంతా తలుపులూ కిటికీలూ చేసినవాడికి తాడు కూడా అంతేననిపించింది. తడిస్తే కాస్త సాగుతుందేమోగానీ పొట్టిదవుతుందని కలలో కూడా అనుకోలేదు. తడిసిన నులక బిగుసుకుంటుందని మంచం అల్లేవాణ్ణి అడిగితే చెబుతాడు. తలుపులు బిగించేవాణ్ణి ఎవరడుగుతారు?

ఇప్పుడతన్ని తొలిచేస్తున్నది తాడు కాదు, వాన.

ముప్పై ఆరేళ్ల కిందట, ఊళ్లో ఏటా జరిగే షోలో, అతని అన్న వాల్టర్ గాలపు దారాన్ని నూట మూడడుగులు విసిరాడు. ఆంబ్రోస్ సంటర్ నూట ఏడు విసిరాడు. క్లబ్బు గోడ మీద బంగారు అక్షరాల్లో ఇప్పటికీ ఉన్న పేరు ఆంబ్రోస్‌ది. ఆ రోజు వాల్టర్ గొడవ చేశాడు. తన దారం చివర కట్టిన ఉన్ని పోగు పడినచోట గుచ్చిన పుల్ల ఇప్పుడు తాడు మీద నూట తొమ్మిది దగ్గరుందనీ, తాడులో ఏదో తేడా ఉందనీ అరిచాడు. పుల్ల నువ్వే జరిపి ఉంటావన్నారు జనం. సోమవారం జరిగిన సభలో లెనర్డ్ లేచి నిలబడ్డాడు. తాడు తనే కొలిచానని, అంగుళం తేడా లేదని, బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పాడు. తాడు నిజమైతే ఇక అబద్ధం వాల్టరే కదా. ఆ నెల తిరక్కుండా వాల్టర్ లోయ వదిలి హల్ రేవుకి వెళ్లిపోయాడు. తల్లి చనిపోయినప్పుడు పూలు వచ్చాయి, మనిషి రాలేదు.

ఆ రోజు వాన పడిందని లెనర్డ్‌కి గుర్తే. ఎప్పుడు పడిందో తెలియదు. పొద్దుట్నుంచీ చర్చివాళ్ల టీ డేరాలో నీళ్ల బిందెలు మోస్తూ ఉన్నాడు. అరుపులు వినబడ్డాకే బయటికొచ్చాడు. ఇద్దరూ విసరకముందే వాన పడి ఉంటే తాడు ఇద్దరికీ ఒక్కటే, అన్నే తప్పు చేశాడు. అన్న విసిరాక, ఆంబ్రోస్ విసరకముందు పడి ఉంటే?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలవాడు ఊళ్లో ఒక్కడే మిగిలాడు.

"గంజి తింటున్నావా, కలుపుతున్నావా?" అంది వంటింట్లో భార్య మ్యూరియల్.

"తింటున్నా."

"పావుగంట నుంచి కలుపుతూనే ఉన్నావు. సిమెంటు కలిపేవాడైనా ఈపాటికి ఓ గోడ లేపేవాడు." ఆమె చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. రేపటి షోకి అల్లం కేకు పోటీలో నిలబడుతోంది. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మ్యూరియల్, వాల్టర్‌కి మనం క్రిస్మస్ కార్డు పంపుతాం కదూ?"

ఆమె చేతులు ఆగిపోయాయి. "మనం కాదు. నేను మీ వదిన బెరిల్‌కి పంపుతాను, బెరిల్ నాకు పంపుతుంది. అన్నదమ్ములిద్దరూ సంతకం కూడా పెట్టరు. ఇప్పుడా ఊసెందుకు?"

"ఏం లేదు."

"ఏం లేదన్నప్పుడల్లా నీ చెవులు ఎర్రబడతాయి లెనర్డ్. పెళ్లైన కొత్తలో ఎంత ముచ్చటగా ఉండేదో. ఇప్పుడు భయమేస్తోంది."

అతను లేచి బయటికి వెళ్లాడు. వెళ్లి ఏం చెయ్యాలో తోచక గేటు గడియకి నూనె రాశాడు. అది మొన్ననే రాశాడు.

అప్పుడే టపా బండి వచ్చి ఆగింది. దిగింది జనెట్ ఐవిసన్. లోయంతటికీ ఉత్తరాలు పంచే మనిషి. క్లబ్బులో ఇవాళ ఆమెకన్నా బాగా విసిరేవాళ్లు లేరు. థోర్న్‌బెక్ క్లబ్బులో చేపల మాట తక్కువ. గడ్డి మీద, కొక్కెం బదులు దారం చివర ఎర్ర ఉన్ని పోగు కట్టుకుని, గాలిలో దారం విచ్చుకునే తీరు చూసి మురిసిపోయే మనుషులు వాళ్లు. చేపను పట్టినవాడు ఇంటికెళ్లి వండుకుంటాడు, విసురు కుదిరినవాడికి మాత్రం ఆ వారమంతా కడుపు నిండే ఉంటుందని జనెట్ తండ్రి అనేవాడు.

"అయిదడుగులు!" అంది జనెట్ గేటు అవతలి నుంచే. "నిన్న నీ ముందే కదా, కొత్త టేపు మీద నూట రెండు దగ్గర చతికిలబడ్డాను. ఆ ముసలాయన నూట ఏడుకి ఇంకా అయిదడుగులు. నీ గడ్డిలో ఎక్కడైనా దొరికితే దాచి ఉంచు, రేపు మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తా."

లెనర్డ్ నవ్వబోయాడు. రాలేదు.

"ఏంటి, మరీ అంత చెత్తగా విసిరానా?"

"బాగా విసిరావమ్మా. చాలా బాగా విసిరావు."

"పోయినేడు మన తాడు మీద నూట ఆరు దాకా వెళ్లాను తెలుసా? ఈసారి పెద్ద సంఘం వాళ్లొచ్చి స్టీల్ టేపుతో కొలుస్తామనగానే ఇలా అయిపోయాను. టేపు చూస్తే నాకు భయం కాబోలు." ఉత్తరాలు అతని చేతిలో పెట్టింది. "మా అమ్మ అంటుంది, నీ చెయ్యి పొట్టిదయ్యిందే అని."

"నీ చెయ్యి బాగానే ఉంది," అన్నాడు లెనర్డ్. ఆమె బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

పోయినేడు తడి తాడు మీద నూట ఆరంటే టేపు మీద నూరే. అంటే ఏడాదిలో ఆ పిల్ల రెండడుగులు పెరిగింది. పెరిగానని తెలియక, తగ్గానని కుమిలిపోతోంది. రేపు రెండు గంటలకి అందరి ముందూ నిజమైన అడుగులతో కొలిచి, తడి తాడు అడుగులతో పోల్చి, ఓడిపోయావని చెబుతారు. తను నోరు విప్పకపోతే.

ఆ మధ్యాహ్నందాకా లెనర్డ్ చేసిన పనులన్నీ చెబితే నవ్వొస్తుంది. చర్చికి వెళ్లి బాగానే ఉన్న తలుపు మడతబందు విప్పి మళ్లీ బిగించాడు. ఖాళీ బెంచీల మధ్య నిలబడి, తెలియక పెట్టిన ఒట్టు ఒట్టే అవుతుందా ప్రభూ అని అడిగాడు. చెప్పింది అబద్ధమని తెలియనప్పుడు చెప్పినవాడి పాపం ఎంత? తెలిశాక ఎంత? పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య ఆ పాపం పెరుగుతూ ఉంటుందా? జవాబుగా తలుపు ఇదివరకు లేని కిర్రుమనే చప్పుడు మొదలెట్టింది.

రెండు దాటాక ఆంబ్రోస్ సంటర్ ఇంటికి వెళ్లాడు.

ఆంబ్రోస్‌కి డెబ్బై నాలుగు. లోయలో సగం రాతిగోడలు అతను కట్టినవే. సున్నం లేకుండా, రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. ఇప్పుడు తుంటి అరిగిపోయి రెండు కర్రల మీద నడుస్తున్నాడు. లెనర్డ్‌కి, వాల్టర్‌కి, జనెట్ తండ్రికి, అందరికీ విసురు నేర్పింది ఆయనే. పెరట్లో కుర్చీ వేసుకుని, ఒళ్లో దుప్పటి కప్పుకుని, పళ్ల కేకు ముక్క మీద చీజ్ ముక్క పెట్టుకుని తింటున్నాడు.

"రారా అబ్బాయ్," అన్నాడు. యాభై అయిదేళ్ల లెనర్డ్ ఆయనకింకా అబ్బాయే. "మీ చర్చివాళ్ల డేరాలో రేపు టీ అయినా మరిగిస్తారా, పోయినేడులా గోరువెచ్చటి ప్రార్థన పోస్తారా?"

"ఆంబ్రోస్, మిమ్మల్ని ఒకటడగాలి."

"ఊరికే నిలబడి అడగకు, నాకు మెడనొప్పి. అదిగో గోడకి ఆనించి ఉంది నా గాలపు కర్ర. ఆ గిన్నెలో వెయ్యి చూద్దాం."

అరవై అడుగుల దూరంలో, గడ్డి మీద, నీలం అంచు ఎనామిల్ గిన్నె ఒకటి బోర్లా కాకుండా పెట్టి ఉంది. ఆ ఇంటికొచ్చినవాళ్లు ఎవరైనా ముందు ఆ గిన్నెలో ఉన్ని పోగు వెయ్యాలి, తరవాతే మాట. లెనర్డ్ కర్ర తీసుకున్నాడు. దారం వెనక్కి లేచింది. అది వెనక పూర్తిగా విచ్చుకునేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే విద్యంతా ఉంది. తొందరపడితే దారం కొరడాలా చెళ్లుమంటుంది, ఆలస్యమైతే గడ్డిలో పడిపోతుంది.

చెళ్లుమంది.

"అరెరే," అన్నాడు ఆంబ్రోస్. "గుర్రబ్బండి తోలుతున్నావా?"

"వాల్టర్ విసిరిన రోజు వాన ఎప్పుడు పడింది?"

ఆంబ్రోస్ నోట్లో కేకు ముక్క ఉంది. మెల్లిగా నమిలాడు. మింగాడు. "ఏ వాల్టర్?" అన్నాడు.

"మీకు తెలిసిన వాల్టర్ ఎంతమంది?"

"మా మేనమామ ఒకడుండేవాడు. మేకలు కాసేవాడు."

"ఆంబ్రోస్."

"వెయ్యరా ముందు. కోపంతో కర్ర పట్టుకోకు, దారానికి తెలిసిపోతుంది."

లెనర్డ్ మళ్లీ విసిరాడు. ఉన్ని పోగు గిన్నెకి ఇవతలే పడింది. ఇంకోసారి లేపాడు. లేపుతూ, ముఖం అటే ఉంచి, తాడు సంగతంతా చెప్పాడు. వాగు, టేపు, పొయ్యి, పనిగది. ఆయన ముఖం చూస్తే చెప్పలేనని తెలుసు. అందుకే కాబోలు కర్ర పట్టుకున్నాడు. చెప్పడం అయ్యేసరికి దారం తనమీదే పడి మెడకి చుట్టుకుంది.

ఆంబ్రోస్ నవ్వలేదు. తన ఎదుట ఎవరి మెడకైనా దారం చుట్టుకుంటే ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి.

"వాల్టర్ పదకొండింటికి విసిరాడు," అన్నాడు. "ఎండ. చొక్కా చేతులు మడిచి విసిరాడు. అంత అందమైన విసురు అంతకు ముందు నేను చూడలేదు. పన్నెండున్నరకి వాన మొదలైంది. అందరూ డేరాల్లోకి పరిగెత్తారు. గంటసేపు కుండపోత. తాడు గడ్డిలోనే ఉంది. ఒక కొసన మేకు, రెండో కొసన కట్టిన రాయి. నేను రెండింటికి విసిరాను."

లెనర్డ్ మెడకున్న దారం విప్పుకుంటున్నాడు.

"మీకెప్పుడు తెలుసు?"

"ఆ సాయంత్రమే."

"ఆ సాయంత్రమే?"

"గోడలు కట్టేవాణ్ణిరా. నా అంగ మూడడుగులు, కళ్లు మూసుకుని నడిచినా మూడడుగులే. నూట ఏడంటే ముప్పై ఆరు అంగలు రావాలి. అందరూ వెళ్లాక మురిసిపోతూ నడిచి చూసుకున్నాను. ముప్పై నాలుగుకే అయిపోయింది. మళ్లీ నడిచాను. ముప్పై నాలుగే. వాల్టర్ పుల్ల దాకా నడిచాను. అది నా పుల్లకన్నా రెండడుగులు అవతల ఉంది."

గోడ మీద పిట్ట ఏదో వాలి, ఇద్దరి ముఖాలూ చూసి, ఎగిరిపోయింది.

"సోమవారం సభలో నేను బైబిల్ మీద చెయ్యి పెట్టినప్పుడు," అన్నాడు లెనర్డ్, "మీరు నా ఎదురుగా కూర్చున్నారు."

"కూర్చున్నాను."

"మీకు తెలిసి కూర్చున్నారు."

"తెలిసే కూర్చున్నాను. మీ మేస్త్రి నిన్ను పన్లోంచి తీసెయ్యడానికి సాకు వెతుకుతున్నాడప్పుడు. కుర్రాడు కొలతే తప్పు పెట్టాడని తెలిస్తే నీకు ఈ లోయలో ఎవడు పనిస్తాడు? సరే, వారం ఆగి మెల్లిగా సర్దుదాం అనుకున్నాను. మొదటి వారం నీ కోసమే నోరు మూసుకున్నానురా, దేవుడి తోడు. రెండో వారం బోర్డు మీద నా పేరు రాశారు. అప్పట్నుంచి నా కోసం."

ఆయన దుప్పటి అంచు లాక్కున్నాడు. "మరుసటేడు నుంచి తాడు వాగులో నానబెట్టాలని రూలు పెట్టింది ఎవరనుకున్నావు? గడ్డి మీద బాగా పడుకుంటుందని చెప్పాను. అందరూ నమ్మారు. నాకు దొరికిన పొట్టి అడుగే అందరికీ దొరకాలని పెట్టాను. పొడి తాడుతో కొలిస్తే నన్నెవడూ ఎప్పటికీ దాటలేడు. అదైనా చెయ్యకపోతే నిద్రపట్టేది కాదు."

"అదొక న్యాయమా?"

"నాకు చేతనైనంత న్యాయం. గోడ కట్టేటప్పుడు అడుగురాయి వంకరగా పడితే, పై రాళ్లన్నీ దాని వంకరకే పేరుస్తాం. గోడ నిలుస్తుంది. వంకర వంకరే."

లెనర్డ్ కర్రను గడ్డి మీద పెట్టాడు. విసిరి పారెయ్యలేదు. అంత కోపంలోనూ అది ఆంబ్రోస్ కర్రని చేతికి తెలుసు.

"తిట్టు," అన్నాడు ఆంబ్రోస్. "తిట్టవేంరా? దానికే కదా వచ్చావు."

"తిట్టడానికి నాకేం హక్కుంది? మీరు నోరు మూసుకున్నారు. నేను నోరు తెరిచాను."

"నీకు తెలియదు కదరా."

"అడిగానా? సొంత అన్న అరిచి చెబుతుంటే, రా, మళ్లీ కొలుద్దాం అన్నానా? నా పనిని తప్పంటాడా అని ఒళ్లు మండింది. ఆ మంటతో చెయ్యి పెట్టాను ఆ పుస్తకం మీద. భక్తితో కాదు. పొద్దుట్నుంచీ ఇదే అడుగుతున్నాను పైవాణ్ణి."

"ఏమన్నాడు?"

"ముందు మీ దగ్గరికి వెళ్లమన్నాడు కాబోలు."

ఆంబ్రోస్ చర్చికి వచ్చేది చావులకీ పెళ్లిళ్లకీ మాత్రమే. "లోపల ఫోనుంది," అన్నాడు. "నంబరుందా?"

మ్యూరియల్ కార్డుల వెనక నుంచి ఎప్పుడో కాగితం ముక్క మీద రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో తనకే తెలియదు. పదకొండేళ్లుగా ఆ ముక్క అతని పర్సులో ఉంది. నడవాలో గోడకున్న ఫోను దగ్గర నిలబడి తిప్పాడు. వెనకాల ఆంబ్రోస్ కర్రలు టకటకమంటూ వచ్చి ఆగాయి.

చాలాసేపు మోగింది.

"ఎవరండీ?" అంది ఆడగొంతు.

"లెనర్డ్ మాట్లాడుతున్నాను."

"ఏ లెనర్డ్?"

"వాల్టర్ తమ్ముణ్ణి."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. "నువ్వు ఎప్పటికీ చెయ్యవని పందెం కట్టాడు మీ అన్న," అంది బెరిల్. "నేను చేస్తావన్నాను. ఓ అరపూట ముందు చేసుంటే గెలిచేదాన్ని. ఆయన లేడు."

"లేడంటే?"

"అయ్యో, అలా లేకపోవడం కాదు. పొద్దున ఎనిమిదింటి రైలుకి బయల్దేరాడు. డార్లింగ్టన్‌లో దిగి మీ బస్సెక్కుతాడు. మూడున్నరకి అక్కడుంటాడు. మీ షో గురించి పేపర్లో చూశాడు. ఈసారి దూరాలు స్టీల్ టేపుతో కొలుస్తారని ఉందట. ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. ముప్పై ఆరేళ్లనుంచి ఈ మాటకోసమే కూర్చున్నానే అన్నాడు. మా పుట్టింటి పేరుతో రేపటి పోటీకి నమోదు కూడా చేసుకున్నాడు, ఎవరూ ఆపకుండా."

"ఇంకా విసురుతున్నాడా?"

"మానిందెప్పుడు? ఆదివారం ఆదివారం రేవు వెనక గడ్డిలో విసురుతాడు, తనే నడిచెళ్లి కొలుచుకుంటాడు. కానీ విను." గొంతు తగ్గించింది, పక్కన వాల్టర్ ఉన్నట్టే. "ఈస్టరుకి కుడి భుజానికి ఆపరేషన్ అయింది. పెద్ద విసురు విసిరితే మళ్లీ చెయ్యి లేవదని డాక్టరు చెప్పాడు. నేను చెబితే వినలేదు. ఒక్కటి చాలు, మళ్లీ నూట మూడడుగులు పడే ఒక్కటి, ఆ తరవాత చెయ్యి ఉంటే ఎంత ఊడితే ఎంత అన్నాడు. నిన్ను నేనెప్పుడూ ఏమీ అడగలేదు లెనర్డ్. నిలబడి విసిరే ఆ పలక ఆయన్ని ఎక్కనివ్వకు."

ఫోను పెట్టేసేసరికి నడవాలో గడియారం మూడు ఇరవై చూపిస్తోంది.

"బూట్లు అందుకో," అన్నాడు ఆంబ్రోస్. అంతా విన్నాడు. "నేనూ వస్తా. ముందు నేను చెప్పాలి వాడికి."

"బస్సు పది నిమిషాల్లో వస్తుంది. మీ నడకకి అరగంట."

"అయితే ఆపు వాణ్ణి, నేనొచ్చేదాకా."

"ఎక్కడ ఆపను? ఏమని ఆపను?"

బయటపడ్డాడు. నడుస్తున్నాడో పరిగెడుతున్నాడో తెలియలేదు. ఒకటి మాత్రం స్పష్టంగా తెలిసింది. అన్న విసిరాడంటే రేపు మధ్యాహ్నం టేపు ఎలాగూ నిజం చెబుతుంది. టేపు చెప్పాక తను చెప్పేదానికి విలువేముంది? దొరికిపోయినవాడు ఒప్పుకున్నట్టు ఉంటుందంతే. అంతకు ముందే చెప్పాలి. అన్న భుజం పోకముందే చెప్పాలి. ఊరికి చెప్పకముందు అన్నకి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలి? తప్పు నాది అనాలా, తాడుది అనాలా? తాడుది అంటే మళ్లీ తప్పించుకున్నట్టే. తెలియదు అంటే నిజమే, కానీ ఆ నిజంలో ఎక్కడో ఓ మూల కుళ్లు వాసనొస్తోంది.

ఊరి మధ్య చౌకులో షో కోసం రంగు జెండాలు కడుతున్నారు. గొర్రెల్ని దింపుతున్న బండ్లు దారికడ్డంగా ఉన్నాయి. ఎవరో, "లెనర్డ్, నిచ్చెన పట్టుకుంటావా?" అని అరిచారు. వినబడనట్టు పోయాడు. బస్సు అప్పటికే వచ్చి ఆగి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు బుట్టలతో దిగారు. ఒక పిల్లవాణ్ణి ఎత్తుకున్న తల్లి దిగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఆ తరవాత మెట్టు మీద పొడుగాటి గుడ్డసంచి కనబడింది, గాలపు కర్రలు పెట్టుకునేది. దాని వెనక మనిషి. జుట్టు తెల్లబడింది, నడుం కాస్త వంగింది, గడ్డం మాత్రం అచ్చం అమ్మది. సంచి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చెయ్యి కోటు బొత్తాల మధ్య పెట్టుకుని ఉన్నాడు.

చౌకంతా ఓసారి చూశాడు. జెండాలు, గొర్రెలు, చర్చి గంట. ఆఖర్న చూపు లెనర్డ్ మీద నిలిచింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఏమండీ," అన్నాడు, "షో మైదానానికి ఎటు వెళ్లాలి?"

ఆ మైదానం పక్క ఇంట్లోనే ఇద్దరూ పుట్టారు. ఆ గోడ దూకి అందులోకి వెళ్లడం నేర్పింది వాల్టరే. గుర్తుపట్టలేదా? ముప్పై ఆరేళ్లు, నిజమే. మనిషి మారిపోడూ? లెనర్డ్‌కి ఒక్క క్షణం ఆశ కలిగింది. పరాయివాడిలా పక్కన నడుస్తూ చెప్పేస్తే? ముఖం చూడకుండా?

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను చూపిస్తానండీ," అన్నాడు. "నేనూ అటే. దారిలో మీకో మాట..."

"దారి ఒక్కటే అడిగాను లెనర్డ్," అన్నాడు వాల్టర్, సంచి ఎడమ భుజానికెత్తుకుంటూ. "ముందు నడువు."